చేప తినని అత్తగారు

2014 నవంబరు 3, సోమవారం. అల్ సువైక్

వచ్చి వారమైంది. ఈ వారమంతా చూడటమే తప్ప ఏమీ రాయలేదు. బందరు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసినన్నాళ్ళూ రిపోర్టు రాయందే డ్యూటీ దిగలేదు. రిటైరైనా ఆ రోగం వదల్లేదు. కాకపోతే ఇది ఎవరికీ అప్పగించే రిపోర్టు కాదు.

మస్కట్ విమానాశ్రయం నుంచి వస్తూ కారులోనే చెప్పాడు రాబిన్. "అమ్మా, లెస్యా ఇదివరకటి మనిషి కాదు. వాళ్ళ దేశంలో యుద్ధం మొదలైనప్పట్నించీ దానికి బుర్ర స్థిమితంగా లేదు. సూసన్ని దానితో ఒంటరిగా వదలకు. నీకేం కనబడినా నాతో చెప్పు."

డాక్టరీ చదవడానికి ఉక్రెయిన్ పంపిస్తే అక్కడే పెళ్ళి చేసుకుని ఫోటో పంపించాడు. కోడల్ని కళ్ళతో చూడటం ఇదే మొదలు. పొడుగు మనిషి. నవ్వదు. నాలుగేళ్ళ సూసన్ మాత్రం అచ్చం వాళ్ళ తాతే, పోయిన మా ఆయనే. ఆ నుదురూ, ఆ మొండితనమూ.

రాబిన్ చిక్కిపోయాడు.

నవంబరు 6

లెస్యా తెల్లారకుండా లేచి ఒంటరిగా సముద్రం ఒడ్డుకి పోతుంది. తిరిగొచ్చాక చెప్పులకు ఇసుక, కళ్ళు ఎరుపు. మధ్యాహ్నం వంటగది తలుపు దగ్గరగా వేసుకుని ఫోన్. వాళ్ళ భాష నాకు ముక్క తెలియదు. కానీ మాటిమాటికీ "మామో, మామో" అంటుంది, ఏడుస్తుంది.

నన్ను పిలిచేదీ అలాగే. "మామో, టీ?" నేను మామనెలా అవుతానూ! మొదటి రోజు తెలియక అందనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. వేళాకోళం. ఆ ఫోన్‌లో ఏడ్చేదంతా నా మీద చాడీలే.

రాబిన్‌తో చెప్పాను. "నేను చెప్పలేదూ!" అన్నాడు.

నవంబరు 9

సముద్రం ఇంటి నుంచి కనబడుతుంది. పడవలు కనబడతాయి. వచ్చిన దగ్గర్నించీ చేప ముక్క ఎరగను. లెస్యాకి ఆ వాసన పడదట, కడుపులో తిప్పుతుందట, ఇంట్లోకి రానివ్వదట. "ఆ మాట దాని దగ్గర ఎత్తకమ్మా, గొడవ చేస్తుంది" అన్నాడు రాబిన్. ఎత్తలేదు. బంగాళాదుంప వేపుడు, పప్పు. పప్పు, బంగాళాదుంప వేపుడు.

కోడలి కోసం కొడుకు కూడా మానేశాడంటే ఎంత ఓర్పు వాడికి!

నవంబరు 14, శుక్రవారం

ఆరాధన అయ్యాక రాబిన్‌తో పాటు సెలిన్ అనే అమ్మాయి వచ్చింది. వాళ్ళ క్లినిక్‌లోనే ల్యాబ్‌లో చేస్తుంది. గుడివాడ పిల్ల. ఎన్నాళ్ళకో ఇంట్లో తెలుగు వినబడింది. "ఆంటీ, మీరు కూర్చోండి" అని తనే వెళ్ళి టీ పెట్టింది. ఎంత తెలివైన పిల్లంటే, అడక్కుండానే చక్కెర ఏ అరలో ఉందో తీసేసింది. రాబిన్‌కి చక్కెర తక్కువ అని కూడా తెలుసు.

లెస్యా ఆ కాసేపూ పక్కింటి అజీజా దగ్గరికి పోయి కూర్చుంది. ఇంటికి మనిషి వస్తే ఉండొద్దూ? మర్యాద లేదు.

నవంబరు 18

ఈ దేశానికి జాతీయ దినం. అందరికీ సెలవు. రాబిన్‌కి డ్యూటీ.

నవంబరు 19

డ్యూటీ.

నవంబరు 22

లెస్యా మూత పెట్టిన గిన్నెలు పక్కింటికి మోస్తోంది. ఖాళీ చేతులతో తిరిగొస్తోంది. ఏముంది వాటిలో? అడిగితే "అజీజా, అజీజా" అని నవ్వలేక నవ్వింది. అజీజా ఇక్కడి ఆవిడే, హిందీ వచ్చు. నన్ను చూస్తే మాట ఆపేస్తుంది. ఇద్దరూ ఒకటే.

సాయంత్రం క్లినిక్ డ్రైవర్ రహీం నన్నూ సూసన్నీ బజారుకి తీసుకెళ్ళాడు. కరీంనగర్ వాడు. దారిలో చేపల మార్కెట్ వచ్చింది. కారు దాటించేస్తూ, "గిక్కడ మస్తు చేపలు దొరుకుతయమ్మా. గని మీరు ముట్టరంట గద, డాక్టర్ సాబ్ చెప్పిండు" అన్నాడు.

నేను ముట్టకపోవడమేమిటి! నోటి దాకా వచ్చింది, మింగేశాను. పెళ్ళాం పరువు తియ్యడం ఇష్టం లేక నా పేరు చెప్పి ఉంటాడు. చిన్నప్పట్నించీ అంతే, ఎవర్నీ నొప్పించడు.

నవంబరు 25

"తాగుడు కూడా మొదలెట్టిందేమోనని నా అనుమానం" అన్నాడు రాబిన్ బూట్లు వేసుకుంటూ. వెళ్ళిపోయాడు.

నవంబరు 27, గురువారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున పదింటప్పుడు సూసన్ బట్టలు సర్దుతుంటే వాసన కొట్టింది. కల్లు వాసన. సందేహం లేదు, ఎండెక్కిన కల్లు కుండ దగ్గర వచ్చే పులుపు. లెస్యా స్నానానికి వెళ్ళింది. వాసన పట్టుకుని పోయాను. గీజర్ పక్కనున్న అలమరాలో, కింది అరలో, సూసన్ పాత దుప్పటి చుట్టి ఒక పెద్ద గిన్నె. దొరికింది అనుకున్నాను. ఎంత సంతోషం వేసిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

దుప్పటి విప్పి మూత తీశాను. సారా లేదు, కల్లు లేదు. పిండి. ఉబ్బి గిన్నె అంచు దాటిన మైదాపిండి. వేలు పెడితే మెత్తగా దిగబడింది.

వెనకనే లెస్యా. తలకి తువ్వాలు. నా చేతిలో గిన్నె చూసి మొహం ఎర్రగా అయిపోయింది. ఆ పిల్లది ముక్కల ఇంగ్లీషు, నాది ఆసుపత్రి ఇంగ్లీషు. "సారీ మామో. ఇక్కడ కాల్చను. వాసన రాదు. అజీజా ఇంట్లో కాలుస్తాను. చేప అక్కడే ఉంది" అంది.

"చేపేమిటి?"

"పిరిహ్. మా ఊరి చేపల పిరిహ్. లోపల చేప పెట్టి కాలుస్తాం. సూసన్ అడిగింది."

"చేప అజీజా ఇంట్లో ఎందుకుంది?"

నన్ను వింతగా చూసింది. "మీకు పడదు కదా. మీ భర్త పోయాక దేవుడికి మొక్కుకున్నారు, చేప తినరు, వాసన తగిలితే ఊపిరాడదు. మీరు వచ్చే ముందు రాబిన్ ఫ్రిజ్ కూడా కడిగించాడు. మీ దగ్గర చేప మాట ఎత్తొద్దన్నాడు."

గిన్నె బల్ల మీద పెట్టేశాను.

"నేను బందరు దాన్నమ్మా! మా ఇంట్లో చేప లేకపోతే పిల్లలు కంచం ముందు కూర్చునేవాళ్ళు కాదు. మొక్కులూ గిక్కులూ మాలో ఎక్కడున్నాయి? వాసన పడనిది నీకు కదూ!"

"నాకా?" అంది లెస్యా. "మామో, మా నాన్న జాలరి. నల్ల సముద్రంలో."

తువ్వాలులోంచి నీళ్ళు కారి నేల తడుస్తోంది. ముందు నవ్విందెవరో గుర్తు లేదు. వచ్చి నెల రోజులైనా, లెస్యా పళ్ళు చూడటం ఇదే మొదటిసారి.

వెళ్ళి చేప తెచ్చుకుంది. అజీజా కూడా వెంట వచ్చి, తలుపు దగ్గరే నిలబడి నా మొహం చూసి, "అచ్ఛా, తో ఆప్ ఖాతీ హైఁ!" (అయితే మీరు తింటారన్నమాట) అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మంచి వంజరం. కన్ను చూస్తేనే తెలుస్తుంది, ఆ పొద్దున పట్టింది. లెస్యా పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళేది పడవలు వచ్చే వేళకట. పడవలు చూస్తే నాన్న గుర్తొస్తాడట. కత్తి నేను తీసుకున్నాను. వంజరానికి పొలుసు బాధ లేదు. నడి ముల్లు తీసి, చర్మం వలిచి, వేలితో తడిమి మిగిలిన ముళ్ళు లాగాను. లెస్యా వెన్నలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించింది. ఇంత ఉల్లిపాయ వేసి చిటికెడు మిరియంతో సరిపెట్టేస్తుంటే ఉండలేక, "పచ్చిమిరపకాయ?" అన్నాను. "సూసన్" అంది. నిజమే, ఊరుకున్నాను.

పిండి రెండు భాగాలు చేసింది. పెద్దది పరిచి, దాని మీద ఉడికించిన అన్నం పలచగా. అన్నమెందుకంటే చేప నీరు అది పీలుస్తుంది, అడుగు తడిసిపోకుండా. దాని మీద చేప ముక్కలు, ఉల్లిపాయ, సోంపు ఆకులా ఉండే కూర సన్నగా తరిగి. పైన రెండో పొర కప్పి అంచులు మడత వేసి నొక్కింది, కజ్జికాయ నొక్కినట్టే. అది మాత్రం నాకు వదిలేస్తుందా అనుకున్నాను, సగం వదిలేసింది. నడి మధ్య ఒక చిల్లు, ఆవిరి పోవడానికి. పైన గుడ్డు రాసింది.

కాలుతుండగా అడిగాను, "మామో అని ఎందుకు పిలుస్తావు?"

"మామో అంటే అమ్మా."

"మరి ఫోన్‌లో?"

"మా అమ్మ" అంది. "క్రిమియా మాకు దగ్గర. ఆవిడకి రోజూ భయం."

కోసి పెడితే పై పొర కరకర, లోపల చేప పొరలు పొరలుగా విడిపోయింది. మసాలా లేని చేప నేను తింటానని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. రెండోసారి పెట్టించుకున్నాను. సూసన్ నాలుగు ముక్కలు తిని నా ఒళ్ళో నిద్రపోయింది.

రాబిన్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. వాసన తగిలింది. మా ఇద్దర్నీ చూశాడు, పళ్ళేలు చూశాడు. ఆ మొహం నేనెరిగినదే. ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్ళ నాన్న సంతకం తనే పెట్టేసినప్పటి మొహం.

లెస్యా లోపలికెళ్ళాక, "నీ బీపీ కోసం అలా చెప్పానమ్మా" అన్నాడు.

నవంబరు 28

బీపీ కోసమే అయ్యుంటుంది. ప్రేమ కొద్దీ.

చేపకీ బీపీకీ ఏమిటి సంబంధం? డాక్టరు అన్న మాట అది, నర్సుతో. అయినా అనుమానం మంచిది కాదు. తల్లి అనుమానిస్తే బిడ్డకి ఇంకెవరున్నారు?

డిసెంబరు 3

లెస్యా మీద పాత అనుమానాలు ఒక్కొక్కటీ తిరగేసి చూస్తున్నాను. తాగదు. అజీజా నవ్వేసింది ఆ మాటకి. సూసన్‌కి జ్వరం వస్తే రాత్రంతా మెలకువగా కూర్చుంది. బుర్ర స్థిమితంగా లేనిదెవరికి?

రాబిన్ డ్యూటీ.

డిసెంబరు 9

భోజనాల దగ్గర కాదు, నన్ను ఒక్కదాన్నీ కారులో కూర్చోబెట్టి చెప్పాడు. "ఇరవై మూడున నీకూ సూసన్‌కీ టికెట్లు తీశాను. దాన్ని నీతో తీసుకెళ్ళిపో. అక్కడే బళ్ళో వేద్దాం. లెస్యా ఒప్పుకుంది. తనకీ విశ్రాంతి కావాలంది." సూసన్ పాస్‌పోర్టు నా చేతిలో పెట్టాడు. "నీ సంచీలో ఉంచు. దాని చేతికివ్వకు, పారేస్తుంది."

మనవరాలు నా దగ్గర! బందరులో నా మంచం పక్కన! సంతోషంతో నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టలేదు. అది సంతోషమేనా?

డిసెంబరు 12, శుక్రవారం

ఇద్దరం మళ్ళీ పిరిహ్ చేశాం. ఈసారి అంచు మొత్తం నేనే నొక్కాను. రాబిన్ లేడు. పిండి పిసుకుతూ మామూలుగా అన్నాను, "సూసన్ బడికి అలవాటు పడేదాకా ఏడుస్తుందేమో. నువ్వు బెంగపెట్టుకోకు."

"ఏ బడి?"

"బందరులో. ఒప్పుకున్నావట కదా."

లెస్యా పిండి చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి. "క్రిస్మస్‌కి. ఒక్క నెల. మీరు అడిగారట, మీకు ఒంట్లో బాగాలేదట, మనవరాలితో ఒక్క పండగ చేసుకోవాలని ఏడ్చారట. అందుకని సరే అన్నాను."

నేను అడగలేదు. ఏడవలేదు.

"తిరిగి వస్తుంది కదా మామో?" అంది. మళ్ళీ అదే అడిగింది. నేను పొయ్యి వైపు తిరిగి వేడి చూస్తున్నట్టు నిలబడ్డాను.

డిసెంబరు 13

ఎవరో ఒకరు అపార్థం చేసుకుని ఉంటారు. భాష రాక.

రాబిన్‌కి వాళ్ళ భాష బాగా వచ్చు.

డిసెంబరు 16

సెలిన్ ఫోన్ చేసింది. "ఆంటీ, సూసన్ మీ దగ్గరుంటే మీకు తోడుగా ఉంటుంది. ఇక్కడ మాకూ కాస్త తేలికవుతుంది" అంది.

మాకూ అంది.

పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే ఉంది నాకు. చక్కెర డబ్బా ఆ పిల్లకి ఎలా తెలుసో నెల కిందటే చూశాను. చూసి మెచ్చుకున్నాను. కోడలు పడవలు చూడ్డానికెళితే కాపలా కాశాను.

రాబిన్ నన్ను సూసన్ కోసమే పిలిపించాడు. పిల్లని తల్లి ఒళ్ళోంచి తీయడానికి పరాయి చెయ్యి పనికిరాదు, నానమ్మ చెయ్యి కావాలి. తల్లి పిచ్చిదని చెప్పడానికి ఒక సాక్షి కావాలి. మేమిద్దరం ఒక్క పూట కలిసి చేప వండుకుని తింటే అంతా చెడుతుంది. అందుకే మొక్కు. అందుకే కడుపులో తిప్పడం.

నా కడుపున పుట్టినవాడు. ఎంత ఆలోచించాడు!

డిసెంబరు 18

సూసన్ పాస్‌పోర్టు లెస్యా చేతిలో పెట్టాను. ఏమిటన్నట్టు చూసింది. అంతా చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషు చాలలేదు, అజీజాని పిలిచి హిందీలో చెప్పి, ఆవిడ చేత లెస్యాకి చెప్పించాను. అజీజా లెస్యా భుజం పట్టుకుని కూర్చుంది. లెస్యా ఏడవలేదు. "నాకు కొంత తెలుసు" అంది. "మీరు ఆయన వైపు అనుకున్నాను. మీరు వచ్చినప్పట్నించీ మీరంటేనే భయం."

డిసెంబరు 19, శుక్రవారం

సెలిన్‌ని భోజనానికి పిలవమన్నాను రాబిన్‌ని. సంబరపడ్డాడు.

పిరిహ్ నేనే కోసి అందరికీ వడ్డించాను. వాళ్ళు తింటుండగా అడిగాను. "నేను చేప తిననని ఎందుకు చెప్పావురా?"

"అమ్మా, అది అయిపోయింది కదా..."

"సూసన్‌ది ఒక్క నెల అని దానితో, ఎప్పటికీ అని నాతో. ఎందుకు?"

వాడు చెంచా దింపాడు. సెలిన్ నీళ్ళ గ్లాసు అందుకుంది.

"ఈ పిల్లతో పెళ్ళి మాటలు ఎందాకా వచ్చాయి?"

"ఇప్పుడు కాదు, తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత నేనుండను. ఇరవై మూడున నేనొక్కదాన్నే వెళుతున్నాను. పాస్‌పోర్టు వాళ్ళమ్మకిచ్చేశాను."

లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "నీకేం తెలుసమ్మా? ఆరేళ్ళు! ఈ ఇంట్లో నేను ఎలా ఉన్నానో నీకేం తెలుసు? నువ్వు నా తల్లివేనా?"

"నీ తల్లిని కాబట్టే ఇన్నాళ్ళూ నిన్ను నమ్మాను. నీకు ఆమె వద్దనిపిస్తే ఆమెతో చెప్పు. బిడ్డని నా చేత దొంగతనం చేయించకు."

సెలిన్ ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఆ పిల్ల మీద కోపం రాలేదు నాకు. ఆమెకేం చెప్పాడో! వాడూ వెనకే వెళ్ళాడు. లెస్యా కుర్చీ లేపి నిలబెట్టింది. సూసన్ ఒక్కతే తింటూ ఉంది.

డిసెంబరు 21

రాబిన్ వచ్చాడు, బట్టలు తీసుకున్నాడు, నాతో మాట్లాడలేదు. వీడికి పాలిచ్చాను.

డిసెంబరు 23

రహీం దింపాడు విమానాశ్రయానికి. దారంతా ఏమీ అడగలేదు. దిగేటప్పుడు మాత్రం "మీరు బాధపడకుండ్రి అమ్మా" అన్నాడు.

లెస్యా వారంలో సూసన్ని తీసుకుని తన అమ్మానాన్నల దగ్గరికి పోతానంది. టికెట్లు వాళ్ళన్న పంపుతున్నాడట. చేరగానే ఫోన్ చేస్తానంది. వద్దనే నోరు నాకు లేదు. పాస్‌పోర్టు ఇచ్చినప్పుడే ఇది తెలుసు నాకు. సూసన్ నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వదల్లేదు, నేనే వేళ్ళు విడదీశాను.

2015 జనవరి 3. బందరు

వాళ్ళు బయల్దేరి నాలుగు రోజులు దాటింది. ఫోన్ లేదు.

రాబిన్ చేశాడు. "ఇల్లు తాళం వేసి ఉంది. ఎక్కడున్నారో నీకు తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. నిజమే చెప్పాను. నమ్మలేదు.

జనవరి 5

లేదు.

ఆ పిల్ల నన్ను కూడా మోసం చేసిందా? కావలసింది పాస్‌పోర్టు, అది చేతికొచ్చింది. ఇంకా ఈ ముసలిదానితో పనేముంది? యుద్ధం జరిగే దేశానికి నా మనవరాలిని నేనే పంపానా? రాబిన్ చెప్పిందే నిజమా? వంట గదిలో కలిసి ఓ పూట నవ్వితే మనిషి తెలిసిపోతుందా?

జనవరి 6

ఫోన్.

సూసన్‌కి దారిలో జ్వరం. ఇస్తాంబుల్‌లో దిగి ఆసుపత్రిలో రెండు రోజులున్నారట. ఇంటికి చేరేసరికి ఫోన్ పనిచేయలేదట. "మామో, భయపడ్డారా?" అంది లెస్యా. లేదన్నాను. సూసన్ గొంతు బొంగురు పోయింది. "నానమ్మా, మంచు తింటే తాతయ్య తిట్టాడు" అంది.

చివర్న లెస్యాని అడిగాను, "రాబిన్‌కి నీ నంబరు ఇవ్వనా?" "ఇవ్వండి. సూసన్‌కి నాన్న కదా" అంది.

జనవరి 8

రెండు రోజులు నేను చేస్తే ఎత్తలేదు. ఇవాళ సాయంత్రం ఎత్తాడు.

"నువ్వు చెప్పకపోయినా నాకు తెలుస్తుంది" అని మొదలెట్టాడు. నేను అడ్డం వచ్చి, సూసన్ బాగుందన్నాను. మంచు తిని తాతయ్య చేత తిట్లు తిన్నదన్నాను. ఊపిరి వినబడుతోంది.

"సెలిన్ రాజీనామా చేసి వెళ్ళిపోయింది" అన్నాడు.

"నంబరు చెబుతాను. ముందు లెస్యాతో మాట్లాడు. తర్వాతే పాప" అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అంకే చెప్పాను.

"రాసుకున్నావా?"

"ఊఁ."

ఆ ఊఁ నాకు నమ్మకం లేదు. డాక్టర్లు ఫోన్‌లో మందు చెబితే మేము తిరిగి చదివి వినిపించేవాళ్ళం, ఒక్క సున్నా తేడా వస్తే ప్రాణం పోతుంది. "ఏదీ, తిరిగి చెప్పు" అన్నాను.

పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. గొంతు సవరించుకుని చదివాడు. మధ్యలో ఒకసారి ఆగిపోయాడు. నేను తొందర పెట్టలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి చివరిదాకా చెప్పాడు.

ఒక్కటీ తప్పు పోలేదు.